వానలు మొదలయ్యేలోపే పొదుగు సంగతి చూసుకోండి

పొదుగు వాపు గురించి ఎవరినడిగినా ముందు మందుల పేర్లే చెబుతారు. ఏ ట్యూబు ఎక్కించాలి, ఏ ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది అని. అక్కడిదాకా వచ్చాక మనకు మిగిలేది నష్టాన్ని కాస్త తగ్గించుకోవడమే. అసలు పనంతా అంతకుముందే, నేల ఇంకా పొడిగా ఉండగానే కానివ్వాలి. వాన పట్టుకుందంటే కొట్టంలో తడి ఆరదు, పేడ బురదలో కలిసిపోతుంది, ఈగలు ముసురుతాయి. చూడి ఆవులు అదే సమయానికి ఈనేలా ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

బ్యాక్టీరియా పొదుగులోకి వెళ్లేది దాదాపు ఎప్పుడూ ఒకే దారిన. చన్ను చివర ఉండే సన్నటి రంధ్రమే ఆ దారి. లోపల నాళం పొడవు సెంటీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది, అంతే. దాని గోడలకు కెరాటిన్ అనే మైనం లాంటి పూత ఉంటుంది, చుట్టూ బిగించి పట్టే కండరం ఉంటుంది. ఆవుకు సహజంగా ఉన్న కాపలా ఇదే. పాలు పితికాక ఆ కండరం వెంటనే బిగుసుకోదు. అరగంట పడుతుంది, గంట పట్టొచ్చు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. సరిగ్గా ఆ సమయంలో ఆవు తడి నేల మీద పడుకుందంటే తలుపు తీసి పిలిచినట్టే. అందుకే పితికిన వెంటనే ముందు మేత వేయండి. కనీసం అరగంట, వీలైతే గంటసేపు నిలబడి తినేంత వేయండి. పితకడానికి ముందే మేతంతా పెట్టేసి, అయ్యాక ఖాళీ గాడి దగ్గర వదిలేస్తే అది పడుకోక ఏం చేస్తుంది? మేత ఎప్పుడూ వేసేదే, వేళ మార్చుకోవడమే. ఇందులో పైసా ఖర్చు లేదు.

ఈ జబ్బు తెచ్చేవాటిలో రెండు తెగలున్నాయి. స్టెఫైలోకాకస్ ఆరియస్, స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే లాంటివి జబ్బు చేసిన ఆవు పొదుగులోనే కాపురముంటాయి. పితికే చేతులు, తుడిచే గుడ్డ, యంత్రం కప్పుల ద్వారా పక్క ఆవుకు అంటుకుంటాయి. ఇ.కోలై, క్లెబ్సియెల్లా, స్ట్రెప్టోకాకస్ యుబెరిస్ లాంటివి పేడలో, తడిసిన పరుపు గడ్డిలో పెరుగుతాయి. వానల్లో విజృంభించేవి ఈ రెండో తెగవే. మొదటి తెగకు కాలంతో పనిలేదు, ఏడాదంతా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని ఆపాలంటే చేతులు, గుడ్డలు మారాలి. రెండోదాన్ని ఆపాలంటే కొట్టం మారాలి.

కొట్టంతోనే మొదలుపెడదాం. కప్పు ఎక్కడ కారుతుందో వాన పడ్డాక వెతుక్కోవద్దు. రెండు బకెట్ల నీళ్లు నేల మీద పోసి ఎటు పారుతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. నిలిచిన చోటల్లా గుంట పూడ్చి, కాలువకు వాటం ఇవ్వాలి. నీళ్ల తొట్టి చుట్టూ, కొట్టం గుమ్మం దగ్గర బురద ఎక్కువగా పేరుతుంది. ఆవు అందులో నడిచి వచ్చి పడుకుంటే కాళ్ల బురదంతా పొదుగుకే అంటుతుంది. అక్కడ కంకర, ఇసుక ముందే పోయించుకోండి. పడుకునే చోటికి పొడి ఇసుక అన్నిటికన్నా మేలు. అందులో బ్యాక్టీరియాకు తిండి దొరకదు. రంపపు పొట్టు మెత్తగా, శుభ్రంగానే కనిపిస్తుంది గానీ తడిస్తే క్లెబ్సియెల్లాకు పెట్టింది పేరు. వేయక తప్పకపోతే పొడిగా నిలవ చేయండి, వెనక కాళ్ల వైపు పొట్టు రోజూ తీసి కొత్తది వేయండి. పొదుగు వచ్చి ఆనేది అక్కడే. పొదుగు మీద వెంట్రుకలు పెరిగి ఉంటే పేడ అట్టలు కడుతుంది కాబట్టి వాటినీ ఇప్పుడే కత్తిరించేస్తే మంచిది.

పితికే దగ్గర మన అలవాట్లు కొన్ని ఆవుకు శత్రువులు. పొదుగంతా తడిసేలా చెంబులతో నీళ్లు గుమ్మరించడం వాటిలో ఒకటి. పైనున్న మురికంతా కరిగి చన్ను చివరికే జారుతుంది. చన్నులు మాత్రమే శుభ్రం చేసి, పూర్తిగా పొడిగా తుడవాలి. ఒక ఆవుకు ఒక గుడ్డ. పది ఆవులకు ఒకే గుడ్డ తిప్పితే మనమే జబ్బును ఇంటింటికీ పంచినట్టు. వేళ్లు పాలలో ముంచుకుని పితకడం ఇంకో అలవాటు. చన్ను జారుగా ఉంటుందని చేస్తారు, చేతి మురికి పాలకూ చన్నుకూ పడుతుంది. బొటనవేలు మడిచి, కణుపుతో నొక్కి లాగడం అన్నిటికన్నా చెడ్డది. చన్ను లోపలి పొర నలిగి, రంధ్రం చివర కాయలు కాస్తుంది. గుప్పిట నిండా పట్టి, పై నుంచి కిందికి వేలు వేలుగా మూయడమే సరైన పద్ధతి.

పితికే ముందు ప్రతి చన్ను నుంచీ మొదటి మూడు నాలుగు ధారలు నల్లటి గిన్నెలోకి పిండి చూడండి. నేల మీద పిండొద్దు, జబ్బు ఉంటే అదే నేలకు అంటుతుంది. నలుపు మీద తరకలు, నీళ్లపాలు, నెత్తుటి చార ఇట్టే తెలుస్తాయి. ఈ ధారలతో ఇంకో లాభం, ఆవు చేపుకు వస్తుంది. చన్నుల మీద చెయ్యి పడిన నిమిషం, నిమిషంన్నరలో పాలు దిగుతాయి, ఆ చేపు కొద్ది నిమిషాలే ఉంటుంది. అంచేత తుడిచేసి ఇంకో పనికి పోవద్దు.

వరస కూడా ముఖ్యమే. తొలిచూలు పెయ్యలు, ఆరోగ్యంగా ఉన్నవి ముందు. అనుమానం ఉన్నవి తర్వాత. జబ్బు ఉన్నట్టు తేలినవి అందరికన్నా చివర. యంత్రంతో పితికేవాళ్లు కప్పుల లోపలి రబ్బరు గొట్టాల లెక్క రాసిపెట్టుకోవాలి. మామూలు రబ్బరువి 2,500 పితుకులకు మార్చాలని లెక్క. ఒకే సెట్టుతో పది ఆవుల్ని రెండు పూటలా పితికితే రోజుకు 20, అంటే 125 రోజులకే గడువు తీరుతుంది. పైకి బాగానే ఉన్నాయి కదా అని ఏడాది నడిపేవాళ్లను చూశాను. లోపల సన్నటి పగుళ్లు వేళ్లు పెట్టి తడిమితే గానీ తెలియవు. కప్పులు తీసేటప్పుడు వాక్యూమ్ ఆపాకే తీయండి. గుంజితే చన్ను చివర దెబ్బతింటుంది.

పితకడం అయిన వెంటనే చన్నులు అయోడిన్ మందులో ముంచాలి. ఇందుకోసమే అమ్మే, చర్మం పగలకుండా గ్లిజరిన్ కలిపిన మందు వాడండి, గాయాలకు రాసేది కాదు. చివర తడిపితే సరిపోదు, చన్ను మొత్తం మునగాలి. పిచికారీ చేస్తే తరచూ ఒక పక్కే తడుస్తుంది. కప్పులో మిగిలింది మళ్లీ సీసాలో పోయకండి. ఇంగ్లండులో 1960ల్లో పొదుగు వాపును అదుపు చేయడానికి ఐదు సూత్రాల పద్ధతి ఒకటి తయారైంది. ఈ ముంచడం అందులో ఒకటి. వట్టిపోయేటప్పుడు మందు ఎక్కించడం, యంత్రాన్ని సరిగా ఉంచడం, జబ్బు కనిపించిన వెంటనే వైద్యం చేయించడం, నయంకాని ఆవుల్ని మంద నుంచి తీసేయడం మిగతా నాలుగు. మొదటి తెగ బ్యాక్టీరియా మీద ఇవి ఇప్పటికీ పనిచేస్తాయి. రెండో తెగకు మాత్రం పొడి నేల తోడు కావాలి.

ఇక కంటికి కనబడని వాపు. పాలు తెల్లగానే ఉంటాయి, పొదుగు మెత్తగానే ఉంటుంది, పాలు మాత్రం కొద్దికొద్దిగా తగ్గుతుంటాయి. మేత బాగాలేదని, ఎండ ఎక్కువైందని సరిపెట్టుకుంటాం. నిజానికి లోపల తెల్లకణాలు పోరాడుతుంటాయి. మిల్లీలీటరు పాలలో ఈ కణాలు 2 లక్షలు దాటాయంటే ఆ పొదుగును అనుమానించాల్సిందే. కొట్టంలోనే కనిపెట్టడానికి 1957 నుంచీ వాడుకలో ఉన్న కాలిఫోర్నియా పరీక్ష చాలు. నాలుగు గుంటల పళ్లెంలో ఒక్కో చన్ను పాలు ఒక్కో గుంటలో పట్టి, అంతే కొలత ద్రావణం కలిపి పది సెకన్లు తిప్పాలి. పల్చగానే ఉంటే మంచిది. జిగురుగా, తీగలు సాగితే ఆ భాగంలో జబ్బు ఉన్నట్టు. వానలకు ముందు మందనంతా ఒకసారి ఇలా చూడండి. కొత్తగా కొన్న ఆవునైతే మందలో కలపకముందే చూడాలి.

ఈ విషయంలో నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. ఒక ఉదయం మా ఆవు ఎడమ వెనక చన్ను నుంచి మొదటి ధారలు కాస్త పల్చగా వచ్చాయి. తరకలు లేవు, వాపు లేదు. సాయంత్రం చూద్దాంలే అనుకున్నాను. సాయంత్రానికి ఆ భాగం రాయిలా బిగిసింది. వైద్యం జరిగింది, ఆవు బతికింది, ఆ చన్ను మాత్రం ఎండిపోయింది. ఆ ఈత మొత్తం మూడు చన్నుల పాలే.

ఇ.కోలై వాపు అయితే సాయంత్రం దాకా కూడా ఆగదు. పాలు ఎండుగడ్డి రంగు నీళ్లలా మారడం, మేత ముట్టకపోవడం, చెవులు చల్లబడటం, కళ్లు లోపలికి పోవడం, లేవలేకపోవడం చూశారంటే ఆ గంటలోనే పశువైద్యుణ్ణి పిలవాలి. ఆవుకు మామూలు వేడి 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దరిదాపుల్లో ఉంటుంది. ఈ జబ్బులో ముందు జ్వరం వచ్చి, ఒళ్లు విషమెక్కాక వేడి మామూలు కన్నా కిందికి దిగొచ్చు. జ్వరం తగ్గింది కదా అని మురిసిపోవద్దు. కిందటిసారి మిగిలిన సగం ట్యూబు ఎక్కించొద్దు. మందు పడకముందే, స్పిరిట్‌తో చన్ను చివర తుడిచి, మొదటి ధారలు వదిలేసి, శుభ్రమైన సీసాలో పాల నమూనా పట్టి చల్లగా ఉంచితే ఏ బ్యాక్టీరియానో ప్రయోగశాలలో తేలుతుంది.

మందు వేసిన ఆవు పాలు లేబుల్ మీద రాసిన గడువు దాకా ఎవరూ తాగకూడదు, దూడకూ పట్టకూడదు. జబ్బు ఒక చన్నుకే కదా, మిగతా మూడు చన్నుల పాలు పోయొచ్చు అనుకుంటారు. మందు రక్తంలో కలిసి ఆ మూడింటికీ చేరుతుంది. వెనక కాలికి రంగు పట్టీ కట్టండి. పితికేవాళ్లు మారినా గుర్తుంటుంది.

వానాకాలంలో ఈనే ఆవులకు అసలు కీలకం పాలు ఎండగట్టే రోజు. ఈతకు రెండు నెలల ముందు పితకడం ఆపుతాం. ఆపిన మొదటి రెండు వారాలు, ఈతకు ముందటి రెండు వారాలు పొదుగుకు గండం. చన్ను రంధ్రంలో కెరాటిన్ బిరడా కట్టుకోవడానికి రోజులు పడుతుంది, కొన్ని చన్నులకు వారాలైనా పూర్తిగా కట్టుకోదు. అంచేత ఆపే ముందు దాణా తగ్గించి పాలు తగ్గేలా చూడండి, ఆపాక కూడా కొన్నాళ్లు చన్నులు ముంచండి. వట్టిపోయే ఆవుల ట్యూబులు వేరే ఉంటాయి, పాడి ఆవువి వాడకూడదు. స్పిరిట్‌తో తుడిచేటప్పుడు ముందు అవతలి చన్నులు, తర్వాత మన వైపువి. మందు ఎక్కించేటప్పుడు దీనికి తిరగబడి, ముందు మన వైపువి. లేకపోతే తుడిచిన చన్నుకు మన చెయ్యే రాసుకుంటుంది. ట్యూబు మొన మూడు మిల్లీమీటర్లు దూరితే చాలు, మొత్తం గుచ్చితే లోపలి పూత చెదురుతుంది. ప్రతి ఆవుకూ యాంటీబయాటిక్ అవసరం లేదు కూడా. యూరోపియన్ యూనియన్ 2022 జనవరి నుంచి అలవాటుగా అన్నిటికీ వేయడాన్ని ఆపేసింది. పరీక్షలో శుభ్రంగా తేలిన ఆవుకు రంధ్రం మూసే సీలెంట్ ఒక్కటే చాలొచ్చు. ఏది వేయాలో పశువైద్యుడితో తేల్చుకోండి.

ఈ రెండు నెలల్లో విటమిన్ ఇ, సెలీనియం తక్కువైతే తెల్లకణాల బలం తగ్గుతుంది. సెలీనియం ఎక్కువైతే విషం, కాబట్టి కొలత మీరు నిర్ణయించొద్దు. ఈనాక కాల్షియం పడిపోయి పాలజ్వరం వచ్చినా చన్ను కండరం సరిగా బిగుసుకోదు, పైగా ఆవు లేవలేక పొదుగు మీదే పడి ఉంటుంది.

ఈనే చోటు మిగతా కొట్టం కన్నా పొడిగా ఉండాలి. తడిసిన గడ్డి ఎప్పటికప్పుడు తీసేయండి. ముర్రుపాలలో కణాలు సహజంగానే ఎక్కువ, అప్పుడే పళ్లెం పరీక్ష చేస్తే జబ్బు లేకున్నా జిగురు కట్టొచ్చు. ఐదు రోజులు ఆగి, ఆరో రోజు నాలుగు చన్నుల పాలూ పళ్లెంలో పట్టి చూడండి.