అవుట్‌కాస్ట్ ఆల్బమ్స్‌లో ఏది గొప్పదో తేల్చుకోవాలంటే

అమెరికన్ ర్యాప్ జోడీ అవుట్‌కాస్ట్ బెస్ట్ ఆల్బమ్ ఏదని అడిగితే చాలామంది 'హే యా' పాట ఉన్నదే అనేస్తారు, మిగతావి వినకుండానే. హిట్లు చూసి తేల్చేస్తే అట్లాంటా నుంచి వచ్చిన ఆండ్రే 3000, బిగ్ బాయ్ ఏం సాధించారో సగం కూడా అర్థం కాదు. 1994 నుంచి 2006 దాకా ఆరు ఆల్బమ్స్ వచ్చాయి. షఫుల్ ఆపేసి వచ్చిన వరుసలోనే వినండి, అదీ హెడ్‌ఫోన్స్‌లో, ఎందుకంటే ఫోన్ స్పీకర్లో ఆ బేస్ వినపడదు. అట్లాంటా ఉన్న జార్జియా రాష్ట్రం యాస మనకు ఓ పట్టాన అందదు కాబట్టి ఫస్ట్ టైమ్ ఊరికే వినేసి, రెండోసారి లిరిక్స్ ముందు పెట్టుకోండి.

ప్రతి ఆల్బమ్ దగ్గరా చూడాల్సినవి రెండే: బీట్ ఎవరు కట్టారు, ఇద్దరి గొంతులూ ఎలా కలుస్తున్నాయి.

మొదటి ఆల్బమ్ ప్రొడక్షన్ అంతా ఆర్గనైజ్డ్ నాయిస్ అనే అట్లాంటా ప్రొడ్యూసర్ల టీమ్‌దే. ఆండ్రే, బిగ్ బాయ్ అప్పటికి 18, 19 ఏళ్ల కుర్రాళ్లు, ఎదురుగా ఎవడున్నా తగ్గేది లేదన్నట్టు ఉంటారు. 1995లో న్యూయార్క్‌లో హిప్‌హాప్ పత్రిక 'ద సోర్స్' ఇచ్చే అవార్డు తీసుకుంటుంటే జనం గోల చేసి వెక్కిరించారు, అమెరికా దక్షిణాది వాళ్లకీ చెప్పాల్సింది ఉందని ఆండ్రే స్టేజీ మీదే తెగేసి చెప్పాడు. తర్వాతి ఏడాది వచ్చిన 'ఏటీలియన్స్' ఇది గుర్తుపెట్టుకుని వినండి. అందులో 'ఎలివేటర్స్' పాట బీట్ ఈ ఇద్దరే కట్టుకున్నారు, చాలా తక్కువ సౌండ్లు, మధ్యలో బోలెడంత ఖాళీ, ఆ ఖాళీలో ఒక్కో మాటా విడిగా వినపడుతుంది.

దాని వెంటనే 1998 నాటి 'అక్వెమినై' నుంచి 'స్పాటీఓటీడోపలీషస్' పెట్టండి. ఏడు నిమిషాల పాట. ఇద్దరూ ర్యాప్ కూడా చేయరు, తీరిగ్గా కథ చెప్పినట్టు మాట్లాడతారు, ట్రంపెట్ లాంటి ఊదే వాద్యాల ఆ హార్న్స్ మాత్రం మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి, వచ్చిన ప్రతిసారీ ఇంకాసేపు ఉంటే బాగుండు అనిపిస్తుంది. బిగ్ బాయ్‌ది కుంభ రాశి, ఆండ్రేది మిథునం, ఆల్బమ్‌కి ఆ పేరు పెట్టింది ఆ రెండు రాశులనీ కలిపే. ఒకరు నేల మీద, ఇంకొకరు ఎక్కడో ఆకాశంలో, అయినా ఒకే పాటలో ఇమిడిపోతారు. నా లెక్కలో వాళ్లు ఇంతకన్నా పైకి వెళ్లలేదు.

2000లో 'స్టాంకోనియా' వచ్చింది. అందులో 'బీఓబీ' పాటలో డ్రమ్స్ ఎంత స్పీడుగా పోతున్నాయో, దాని మీద ఇద్దరూ మాట తడబడకుండా ఎలా నిలబడ్డారో గమనించండి, అప్పటి ర్యాప్‌లో అలాంటిది అరుదు. ఆల్బమ్ మొత్తంగా కొంచెం పొడుగు.

'హే యా' ఉన్న 2003 నాటి డబుల్ ఆల్బమ్ దగ్గరే అందరూ పొరబడతారు. గ్రామీలో ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ వచ్చింది నిజమే, కానీ అది ఒక్కొక్కరికి ఒక్కో డిస్క్. దాన్ని ఒక్క ఆల్బమ్‌గా తీసుకుని 'అక్వెమినై'తో పోల్చడం న్యాయం కాదు. ఆండ్రే డిస్క్‌లో ర్యాప్ కంటే పాడటమే ఎక్కువ, బిగ్ బాయ్ 'స్పీకర్‌బాక్స్' మాత్రం అసలైన ర్యాప్ రికార్డు, దానికి దక్కాల్సిన పేరు ఇప్పటికీ దక్కలేదు. రెండింటికీ విడివిడిగా మార్కులు వేయండి.

'ఐడిల్‌వైల్డ్' వాళ్ల సినిమా కోసం చేసింది, ఒక్కసారి వింటే చాలు. ఆ టైమ్‌లో 'అక్వెమినై' ఇంకో రౌండ్ వేయండి.