లాగ్ పాఠాలు, 3వ భాగం: మైనస్ లాగ్‌కి యాంటీలాగ్ తీయడం

పోయిన భాగంలో సంఖ్య ఇస్తే లాగ్ తీశాం. ఇప్పుడు దారి వెనక్కి: లాగ్ ఇచ్చారు, అసలు సంఖ్య కావాలి. పుస్తకాల్లో దీన్ని ప్రతిసంవర్గమానం అంటారు, క్లాసులో అందరం యాంటీలాగ్ అనే అంటాం.

ముందు తేలికది. 2.6021 కి యాంటీలాగ్ కావాలి, అంటే 10 కి 2.6021 ఘాతం ఎంతో తెలియాలి. చుక్క ముందున్న 2 ని పక్కన పెట్టి .6021 తో యాంటీలాగ్ టేబుల్ తెరవండి (లాగ్ టేబుల్ కాదు, పరీక్ష తొందరలో చాలామంది ఇక్కడే పేజీ తప్పుతారు). .60 వరసలో 2 కింద 3999, అదే వరస చివర మీన్ డిఫరెన్స్‌లో (నాలుగో అంకె కోసం కలపాల్సిన సంఖ్యలు) 1 కింద 1, కలిపితే 4000. మొదటి అంకె తర్వాత చుక్క పెడితే 4.000, పక్కన పెట్టిన 2 ఇప్పుడు 10 మీద ఘాతం అవుతుంది, కాబట్టి 4.000 × 10², అంటే 400.

అసలు టెన్షన్ మైనస్ వచ్చినప్పుడే. ఇంటర్ కెమిస్ట్రీలో పీహెచ్ 4.7 ఇచ్చి హైడ్రోజన్ అయాన్ల గాఢత అడిగితే −4.7 కి యాంటీలాగ్ తీయాలి, ఎందుకంటే పీహెచ్ అంటే ఆ గాఢత లాగ్‌కి ముందు మైనస్ పెట్టినది. చాలామంది నేరుగా .7 చూసి 5.012 రాసేస్తారు. అది తప్పు, ఎందుకంటే ఇక్కడ .7 కూడా మైనస్సే, టేబుల్లో ఉన్నవేమో అన్నీ ప్లస్ దశాంశాలు. మరేం చేయాలి? పైసల బిళ్ళలు చెల్లిన రోజుల్లో కొట్లో 4 రూపాయల 70 పైసల బాకీకి 5 రూపాయల బిళ్ళ ఇస్తే 30 పైసలు చిల్లర వెనక్కి వచ్చేది కదా, ఇదీ అంతే: −4.7 = −5 + 0.3. దీన్నే 5 మీద గీత పెట్టి 5̅.3 అని రాసి, బార్ 5 పాయింట్ 3 అని చదువుతాం. ఆ గీత 5 ఒక్కదానికే మైనస్,.3 కి కాదు. ఇప్పుడు .30 వరసలో 0 కింద 1995. జవాబు 1.995 × 10⁻⁵ మోల్/లీటరు.

సరిచూసుకోవడం కూడా అలవాటు చేసుకోండి, నా దృష్టిలో టేబుల్ చూడటం కన్నా ఇదే ముఖ్యం. −4.7 అనేది −5 కి, −4 కి మధ్య ఉంది, కాబట్టి జవాబు 0.00001 కి, 0.0001 కి మధ్య ఉండాలి. ఉంది. అయితే 5.012 × 10⁻⁵ కూడా ఈ హద్దుల్లోనే పడుతుంది, అందుకే ఆ చిల్లర లెక్క మాత్రం కాగితం మీద రాసి తీరాలి.

మీ వంతు: −1.3979 కి యాంటీలాగ్ తీయండి. చిల్లర సరిగ్గా తీస్తే పైన చూసిన .60 వరసకే మళ్ళీ వస్తారు, జవాబు 0.04. తర్వాత రక్తం పీహెచ్ 7.4 అనుకుని గాఢత కట్టండి, 3.981 × 10⁻⁸ రావాలి.