బ్రిటన్‌లో మోటార్‌హోమ్ సెలవులు: డీజిల్ లెక్క నుంచి క్యాసెట్ కడిగే దాకా

బ్రిటన్‌లో ఉంటున్న మన కుటుంబాలకు మోటార్‌హోమ్, అంటే పడకలు, వంటగది ఉన్న చక్రాల ఇంట్లో గడిపే సెలవు బాగా నప్పుతుంది. వంట మన చేతిలోనే ఉంటుంది, పిల్లలకు నిద్ర వస్తే పక్క సిద్ధంగా ఉంటుంది, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను రోజుకొక హోటల్‌కు తిప్పే అవసరం ఉండదు. విమానం ఎక్కడం లేదు కనుక పర్యావరణానికి కూడా ఇది మేలేనని చాలామంది అనుకుంటారు. ఆ మాటలో నిజం కొంత ఉంది గానీ, ఎంత ఉందో లెక్క వేసుకుంటేనే ఏ జాగ్రత్తకు ముందు పూనుకోవాలో తెలుస్తుంది.

3.5 టన్నుల లోపు డీజిల్ మోటార్‌హోమ్ లీటరుకు సుమారు 10 కిలోమీటర్లు నడుస్తుంది. లండన్ నుంచి లేక్ డిస్ట్రిక్ట్‌లోని కెజిక్‌కు దాదాపు 300 మైళ్లు, అంటే 480 కిలోమీటర్లు. పోనూ రానూ కలిపితే 96 లీటర్ల డీజిల్ కావాలి. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.6 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి, కేవలం వెళ్లి రావడానికే 250 కిలోలు గాలిలో కలుస్తాయి. వారం రోజుల వంటకు 6 కిలోల ప్రొపేన్ సిలిండరు మొత్తం ఖాళీ చేశామనుకున్నా, దాని నుంచి వచ్చేది 18 కిలోలు మాత్రమే. వెదురు చెంచాలు, గుడ్డ సంచులు కొని తృప్తిపడేవారిని చూసినప్పుడల్లా నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది. అవి వద్దని కాదు, కానీ వాటి వంతు చివర వస్తుంది. మొదటి వంతు దూరానిది, రెండో వంతు మనం వదిలే మురుగుది.

దూరం, వేగం, బరువు

స్కాట్లాండ్ ఉత్తర తీరం చుట్టూ తిరిగే నార్త్ కోస్ట్ 500 దారి పేరు మన స్నేహితుల మధ్య తరచుగా వినిపిస్తుంది. అది ఇన్వర్‌నెస్‌లో మొదలై అక్కడే ముగిసే 516 మైళ్ల దారి. లండన్ నుంచి ఇన్వర్‌నెస్ చేరడానికే సుమారు 570 మైళ్లు పడుతుంది కాబట్టి, వారం రోజుల సెలవులో అసలు యాత్ర కంటే దానికి చేరుకుని తిరిగి వచ్చే ప్రయాణమే రెట్టింపవుతుంది. అంత దూరం వెళ్లాలని నిశ్చయించుకుంటే లండన్ యూస్టన్ స్టేషన్ నుంచి రాత్రి రైలులో ఇన్వర్‌నెస్ చేరి, బండిని అక్కడే అద్దెకు తీసుకోవడం మంచిది. సామాను తక్కువ తీసుకెళ్లవలసి వస్తుందన్నది నిజమే, కానీ రెండు రోజుల మోటార్‌వే అలసట తప్పుతుంది. అంత దూరం వద్దనుకుంటే లండన్ వారికి న్యూ ఫారెస్ట్, డార్సెట్ తీరం, మాంచెస్టర్ వారికి పీక్ డిస్ట్రిక్ట్, బర్మింగ్‌హామ్ వారికి ష్రాప్‌షైర్ కొండలు చేతికందే దూరంలో ఉన్నాయి.

కారుకు కారవాన్ (ఇంజిను లేని చక్రాల ఇల్లు) తగిలించి లాగేవారికి మోటార్‌వే మీద చట్టప్రకారం గరిష్ఠ వేగం గంటకు 60 మైళ్లు. చాలా మోటార్‌హోమ్‌లకు 70 దాకా అనుమతి ఉన్నా, బీరువాలాంటి ఆ ముఖంతో గాలిని తోసుకుంటూ పోయే బండికి 60 చాలు. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి 70 నుంచి 60కి తగ్గితే ఆ నిరోధం పావు వంతుకు పైగా తగ్గిపోతుంది. 300 మైళ్ల దారిలో దీనివల్ల అయ్యే ఆలస్యం 43 నిమిషాలు.

బరువు విషయంలో మనవాళ్ల బలహీనత బియ్యం బస్తా దగ్గర మొదలవుతుంది. నలుగురికి వారానికి నాలుగైదు కిలోలు సరిపోతుందని తెలిసినా, ఎందుకైనా మంచిదని 10 కిలోల సంచీ, దాని వెంట రెండు కుక్కర్లు, ఇడ్లీ పాత్ర, గ్రైండరు కూడా బండెక్కుతాయి. అంతకంటే పెద్ద బరువు మాత్రం కంటికి కనబడనిది. మంచినీటి ట్యాంకు సాధారణంగా 100 లీటర్ల దాకా పడుతుంది, అంటే నిండు ట్యాంకుతో బయలుదేరితే 100 కిలోలను ఊరికే మోసుకెళ్తున్నట్టు. దారిలో చేతులు కడుక్కోవడానికి 20 లీటర్లు ఉంచుకుని, మిగతాది క్యాంప్‌సైట్ చేరాక నింపుకోవాలి. బయలుదేరే ఉదయం టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి ఒత్తిడి చూడాలి. కారవాన్ లాగే వారు కారు టైర్లతో పాటు దాని టైర్లనూ చూడాలి.

బండి పాతదైతే ఇంకొక చిక్కు ఉంది. 2023 ఆగస్టు 29 నుంచి లండన్ నగరమంతా అల్ట్రా లో ఎమిషన్ జోన్ (ఎక్కువ పొగ వదిలే బండ్లకు రుసుము వేసే ప్రాంతం) పరిధిలోకి వచ్చింది కాబట్టి, యూరో 6 అనే పొగ ప్రమాణానికి తూగని 3.5 టన్నుల లోపు డీజిల్ మోటార్‌హోమ్‌ను అక్కడ నడిపితే రోజుకు 12.50 పౌండ్లు కట్టాలి. అద్దెకు అడిగేటప్పుడే యూరో 6 బండి కావాలని చెప్పండి. జేబుకే కాదు, ఆ వీధుల్లో పిల్లలు పీల్చే గాలికీ అది మంచిది. విద్యుత్ కారుతో కారవాన్ లాగేవారు ఒక్క ఛార్జింగ్‌తో నడిచే దూరం దాదాపు సగానికి పడిపోతుందని ముందే లెక్కలో వేసుకోవాలి.

చేరాక అటూ ఇటూ కదలకపోవడమే అసలైన పొదుపు. రాత్రికొక ఊరు మార్చడం కంటే ఒకే చోట నాలుగైదు రాత్రులు ఉండి, అక్కడి బస్సులలో తిరగడం ఎంతో మేలు. లాంకాస్టర్ నుంచి కెండల్, విండర్‌మియర్, ఆంబుల్‌సైడ్, గ్రాస్‌మియర్ మీదుగా కెజిక్ వెళ్లే 555 నంబరు బస్సు లేక్ డిస్ట్రిక్ట్‌ను అటు చివర నుంచి ఇటు చివరకు కలుపుతుంది. పై అంతస్తులో ముందు సీటు దొరికితే పిల్లలు ఇక దిగనంటారు. అందుకే క్యాంప్‌సైట్ ఎంచుకునేటప్పుడు అక్కడ ఈత కొలను ఉందా అని చూడడానికి ముందు, బస్‌స్టాప్ ఎంత దూరంలో ఉందో చూడాలి. హార్డ్‌నాట్ పాస్ లాంటి, దాదాపు మూడింట ఒక వంతు వాలు ఉన్న ఇరుకు దారులలోకి మోటార్‌హోమ్‌ను దింపి, ఎదురొచ్చే బండ్లన్నింటినీ వెనక్కి నడిపించే పాపమూ తప్పుతుంది.

క్యాసెట్, మురుగునీరు

ఈ విషయం మాట్లాడడానికి మొహమాటపడతాం గానీ, నేలకూ నీటికీ మనం చేసే హాని ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. మోటార్‌హోమ్ టాయిలెట్ కింద 17 నుంచి 20 లీటర్లు పట్టే ఒక పెట్టె ఉంటుంది, దాన్నే క్యాసెట్ అంటారు. అందులో వేసే నీలి ద్రవం వాసనను అణచడానికి సూక్ష్మజీవులను చంపుతుంది. పాత రకాలలో ఫార్మాల్డిహైడ్ అనే విష రసాయనం ఉండేది. పొలాల మధ్య ఉండే చిన్న సైట్లలో మురుగు చాలాసార్లు సెప్టిక్ ట్యాంకులోకి వెళ్తుంది, ఆ ట్యాంకు పనిచేసేదే బాక్టీరియా వల్ల. మన క్యాసెట్ ద్రవం ఆ బాక్టీరియాను చంపితే, సగం శుద్ధి అయిన మురుగు పక్కనున్న వాగులోకి చేరుతుంది. అందుచేత ఫార్మాల్డిహైడ్ లేని ఆకుపచ్చ ద్రవాన్నే కొనాలి, సీసా మీద రాసిన కొలత దాటకుండా వాడాలి, సైట్‌లో టాయిలెట్లు ఉంటే పగటిపూట వాటినే ఉపయోగించాలి.

మన అలవాటు ఒకటి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. నీళ్లు లేనిదే మనకు గడవదు, కానీ చెంబుతో పోస్తే నలుగురు ఉన్న కుటుంబానికి క్యాసెట్ ఒక్క రోజులోనే నిండుతుంది. అర లీటరు పట్టే నొక్కుడు సీసా ఒకటి పెట్టుకుంటే శుభ్రతకు లోటు రాదు, కాగితం వాడకమూ తగ్గుతుంది. తడి వైప్స్ మాత్రం, ప్యాకెట్ మీద ఏం రాసి ఉన్నా, అందులో వేయకూడదు.

ఖాళీ చేయడానికి దాదాపు ప్రతి సైట్‌లోనూ రసాయన మురుగు పారబోసే స్థలం విడిగా ఉంటుంది. క్యాసెట్‌ను అక్కడికి తీసుకెళ్లి, మూతి గొట్టాన్ని బయటకు తిప్పి, మూత తీసి, వంచేటప్పుడు వెనుకనున్న గాలి బొత్తాన్ని బొటనవేలితో నొక్కి పట్టాలి. ఆ బొత్తాం నొక్కకపోతే లోపలికి గాలి అందక గుటగుటమంటూ చిమ్ముతుంది. మొదటిసారి చేసినప్పుడు ఆ సంగతి నా బూట్లకు బాగా తెలిసింది. తరువాత రెండు మూడు లీటర్ల నీళ్లు పోసి, మూత బిగించి, ఊపి, మళ్లీ వంచాలి. అక్కడి కుళాయి క్యాసెట్ కడగడానికే గనుక దానితో మంచినీళ్ల సీసా ఎప్పుడూ నింపకూడదు. సర్వీస్ స్టేషన్ టాయిలెట్‌లో గానీ, రోడ్డు పక్క పొదల్లో గానీ పారబోయడం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు.

సింకు, షవర్ల నుంచి వచ్చే నీరు వేరే ట్యాంకులో చేరుతుంది. అది వట్టి సబ్బు నీరేగా అని రోడ్డు పక్క జాలీలోకి వదిలేసేవారు ఉన్నారు. బ్రిటన్‌లో చాలాచోట్ల ఆ జాలీ వాననీటి కాలువది, అది ఏ శుద్ధీ లేకుండా నేరుగా వాగులోకి పోతుంది. విండర్‌మియర్ సరస్సులో వేసవిలో నీలి ఆకుపచ్చ నాచు పేరుకోవడానికి మురుగుతో వచ్చే భాస్వరం ఒక ముఖ్య కారణం. సబ్బు మీద ‘బయోడిగ్రేడబుల్’ అని ఉన్నంత మాత్రాన దాన్ని వాగులో కలపవచ్చని అర్థం కాదు. అది విచ్ఛిన్నం కావడానికి సమయం పడుతుంది, అప్పటిదాకా నష్టపోయేవి చేపలూ పురుగులూ.

మన వంటలో నూనె, పసుపు ఎక్కువ కాబట్టి గిన్నెలు కడిగే ముందు ఒక పని చేయాలి. వేపుడు చేసిన మూకుడు ఇంకా గోరువెచ్చగా ఉండగానే ఒక ఎండిన బ్రెడ్ అంచుతో గానీ, కాగితంతో గానీ అడుగు నుంచి అంచుదాకా తుడిచి చెత్తలో వేస్తే, తరువాత కడగడానికి కప్పు వేడినీళ్లు, రెండు చుక్కల సబ్బు సరిపోతాయి. బియ్యం కడిగిన నీళ్లు ట్యాంకులోకి పోతే రెండో రోజుకు పులిసిన వాసన బండంతా నిండుతుంది, కాబట్టి వాటిని బకెట్టులో పట్టి విడిగా తీసుకెళ్లి సైట్ మురుగు స్థలంలో పోయాలి. బయలుదేరే ముందు ట్యాంకు కింది వాల్వు మూసి ఉందో లేదో వంగి చూడడం అలవాటు చేసుకోండి. ఒకసారి అది మరచిపోయి, రెండు మైళ్ల పల్లె దారి పొడవునా నేనే ఒక తడి గీత గీసుకుంటూ వెళ్లాను.

కరెంటు, గ్యాస్, వంట

బ్రిటన్‌లో చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం 2024 సెప్టెంబరు 30న మూతపడింది. కాబట్టి సైట్‌లో విద్యుత్ హుక్-అప్ (బండికి కరెంటు అందించే ప్లగ్గు) ఉంటే గ్యాస్ పొయ్యి కంటే చిన్న ఇండక్షన్ పొయ్యి మీద వండడమే మేలు. చిన్న సైట్లలో హుక్-అప్ 10 ఆంపియర్లే ఉండవచ్చు, అంటే 2,300 వాట్లు. ఇండక్షన్, కెటిల్, హీటరు ఒకేసారి పెడితే ఫ్యూజు పోతుంది, పక్కవాళ్ల చూపులు మీ మీద పడతాయి. కందిపప్పును అరగంట ముందే నానబెట్టి కుక్కర్‌లో పెడితే ఏ పొయ్యి మీదైనా సగం ఖర్చుతో ఉడుకుతుంది. మొదటి రోజుకు పులిహోర, పెరుగన్నం ఇంట్లోనే కలిపి తెచ్చుకుంటే దారిలో ప్లాస్టిక్ డబ్బాల భోజనం కొనవలసిన పనీ ఉండదు.

ఫ్రిజ్‌ను బయలుదేరే ముందు రాత్రే ఇంటి కరెంటుతో చల్లబరచి, చల్లని పదార్థాలతోనే నింపాలి. సైట్‌లో ఫ్రిజ్ జాలీలున్న వైపు మధ్యాహ్నపు ఎండ పడకుండా బండి నిలపాలి. పైకప్పు మీద 100 వాట్ల సౌర ఫలక ఉంటే వేసవిలో దీపాలకు, నీటి పంపుకు, ఫోన్లకు సరిపోతుంది, కెటిల్‌కు సరిపోదు. 100 ఆంపియర్-అవర్ల లెడ్ బ్యాటరీలో సగమే, అంటే సుమారు 600 వాట్-అవర్లే వాడుకోవాలి; అంతకు మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు త్వరగా తీరి, కొత్త బ్యాటరీ కొనవలసి వస్తుంది. బ్యాటరీ నింపడానికి నిలిపిన బండిలో ఇంజిను నడపడం శుద్ధ వృథా.

ఆగే చోటు

కారవాన్ అండ్ మోటార్‌హోమ్ క్లబ్ గుర్తింపు పొందిన పొలాల సైట్లు కొన్ని ఉన్నాయి, వాటిలో ఒకేసారి ఐదు బండ్లకు మించి ఉండవు. నా మొగ్గు ఎప్పుడూ వాటి వైపే. కట్టే రుసుము రైతుకు చేరుతుంది, చాలాచోట్ల గేటు దగ్గరే గుడ్లు, కూరగాయలు దొరుకుతాయి. వాన పడ్డాక పచ్చిక మీదికి మాత్రం బండిని ఎక్కించవద్దు, మూడు టన్నుల చక్రాలు చేసే గాడి మరుసటి ఏడాది దాకా మిగులుతుంది.

స్కాట్లాండ్‌లో ఎక్కడైనా ఆగవచ్చని చెప్పుకునే మాట బండ్లకు వర్తించదు. 2003 నాటి భూసంస్కరణ చట్టం ఇచ్చిన సంచార హక్కు నడిచి, సైకిల్ మీద వెళ్లే వారికి ఉంది గానీ మోటారు వాహనాలకు లేదు. లాక్ లోమండ్ నేషనల్ పార్కులో కొన్ని ప్రాంతాలలో మార్చి 1 నుంచి సెప్టెంబరు 30 దాకా అనుమతి లేకుండా రాత్రి బస చేయకూడదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో స్థల యజమాని అనుమతి తప్పనిసరి. ఎక్కడ ఆగినా ఒక్కసారి వాడి పారేసే బార్బెక్యూ ట్రేలను పచ్చిక మీద వెలిగించకండి. ఎండు పీట్ నేల (కుళ్లిన మొక్కలు పేరుకున్న నేల) అంటుకుంటే మంట లోలోపలే రోజుల తరబడి పాకుతుంది. ఒక చోటి పరాయి మొక్కలు, జీవులు ఇంకొక చోటికి పాకకుండా, ఒక సరస్సులో వాడిన కయాక్‌ను (చిన్న తెడ్డు పడవను) కడిగి, పూర్తిగా ఆరబెట్టాకే ఇంకొక సరస్సులో దింపాలి.

చివరి రోజు ఉదయం క్యాసెట్, మురుగునీటి ట్యాంకు రెండూ సైట్‌లోనే ఖాళీ చేసి, మంచినీటి ట్యాంకులో మిగిలింది కూడా వదిలేసి, గ్యాస్ కట్టి, తేలికైన బండితో బయలుదేరాలి. ఇంటి దగ్గర చూసుకుందామని మోసుకొస్తే, అద్దె బండి తిరిగి ఇచ్చే చోట దాన్ని పారబోయడానికి సరైన స్థలం ఉండకపోవచ్చు; అప్పుడు వెతుక్కుంటూ తిరిగే మైళ్లూ మళ్లీ డీజిల్ లెక్కలోనే చేరతాయి.