ఊళ్లో ఇల్లు: బాగు చేయించాలా, కొత్తది కట్టాలా?

కూకట్‌పల్లిలో ఉంటూ జనగామ దగ్గరి మా పెంకుటింటి సంగతి తేల్చాల్సి వచ్చినప్పుడు, మేస్త్రీని పిలిచే ముందు అమ్మ నడక చూశాను. రాత్రి మంచం దిగి బాత్రూమ్‌కి వెళ్లే దారిలో ఎన్ని గడపలు, ఎక్కడ చీకటి?

పెరటి చివర ఉన్న బాత్రూమ్‌ను పడకగది పక్కకు తేవడమే అసలు పని. కమోడ్, గోడకు గట్టి కమ్మీ, జారని టైల్స్ పెట్టించండి. మెట్ల చోట ర్యాంపు కావాలంటే 1 అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి. వీల్‌చైర్‌కి తలుపు వెడల్పు 3 అడుగులు.

తర్వాత దూలాలను ఉలితో గుచ్చి చూడండి. ఒకటి రెండు దూలాలకే చెదలు పడితే వాటిని మార్చుకోవచ్చు. గోడలు అడుగునుంచి నానుతూ, ఏటేటా పగుళ్లు పెరుగుతుంటే మాత్రం మరమ్మతుకు రూపాయి పెట్టొద్దు. అదే స్థలంలో రెండు గదులు, ముందు అరుగుతో కట్టండి. పెద్దవాళ్లకి నలుగురు కలిసేది అరుగు మీదే. 108 బండి వాకిలిదాకా రాగలదో కూడా చూసుకోండి.