ఎడమకు జరిగే అలవాటు గట్టు మీదే వదిలెయ్యాలి: రద్దీ సముద్ర దారుల్లో ఓడలు గుద్దుకోకుండా చూసుకోవడం

నల్లగొండ, పాలమూరు నుంచి మర్చంట్ నేవీకి వెళ్లే పిల్లల్లో చాలామంది అప్పటిదాకా సాగర్ లాంచీయో, సోమశిల పడవో ఎక్కి ఉంటారు, అంతే. అయినా ఓడ నడిపే గదిలో, అంటే బ్రిడ్జి మీద, నీళ్ల కన్నా రోడ్డు అలవాటే వాళ్లను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఎదురుగా బండి కనిపిస్తే చెయ్యి తనంతట తానే ఎడమకు లాగుతుంది. సముద్రంలో ఎదురెదురుగా వచ్చే ఓడలు రెండూ కుడికి తిరగాలి. హారన్ సంగతీ అంతే. మన దగ్గర హారన్ కొడితే ‘వస్తున్నా, జరుగు’ అని అర్థం. ఓడ విజిల్ ఒక్కసారి, సెకను సేపు మోగితే ‘కుడికి తిరుగుతున్నా’ అని, రెండుసార్లయితే ఎడమకు, మూడుసార్లయితే ఇంజిన్ వెనక్కి తిప్పుతున్నా అని. ఐదు, అంతకు మించి గబగబా మోగిందంటే ‘నువ్వేం చేస్తున్నావో నాకు అర్థం కావట్లేదు’ అని నిలదీయడం. 1972లో రాసి, 1977 జులై 15 నుంచి అమల్లోకి తెచ్చిన అంతర్జాతీయ నిబంధనలివి. ఓడల మీద వీటిని కోల్‌రెగ్స్ అంటారు.

గుద్దుకుంటామా లేదా?

పొలాల్లోంచి వచ్చే దారి మెయిన్ రోడ్డులో కలిసే చోటికి ధాన్యం ట్రాక్టర్ ఒకటి వస్తోందనుకోండి. మన వేగం, దాని వేగం మారట్లేదు. ట్రాక్టర్ మన కిటికీ అద్దంలో ఒకే చోట అతుక్కున్నట్టుండి, పెద్దదవుతూ పోతుంటే ఇద్దరం ఒకేసారి ఆ మలుపుకు చేరతాం. అద్దంలో అది ముందుకు జరుగుతుంటే ముందు అదే పోతుంది, వెనక్కి జరుగుతుంటే మనం పోతాం. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా ఈ లెక్క నేర్చుకోవచ్చు.

ఓడ మీద అద్దం బదులు కాంపస్ వాడాలి. ఎందుకంటే ఓడ ముక్కు అలలకు అటూ ఇటూ ఊగుతుంది, కిటికీ చట్రాన్ని నమ్ముకుంటే మోసపోతాం. ఉదాహరణకు మన కోర్సు, అంటే పోయే దిక్కు, 000 (నేరుగా ఉత్తరం), వేగం నిలకడగా ఉంది. పది గంటలకు కుడివైపు ఓడ బేరింగ్, అంటే కాంపస్‌లో అది కనిపించే దిక్కు, 045 డిగ్రీలు, దూరం 8 నాటికల్ మైళ్లు. 10:03కి బేరింగ్ అదే, దూరం 7.1. 10:06కి మళ్లీ 045, దూరం 6.2. బేరింగ్ కదల్లేదు, దూరం నిమిషానికి 0.3 మైలు తగ్గుతోంది. అంటే ఎవరూ ఏమీ చెయ్యకపోతే 10:27 ప్రాంతంలో గుద్దుకుంటాం. చేతిలో ఇరవై నిమిషాలున్నాయి.

దీనికీ ఒక మినహాయింపు ఉంది. మరీ పెద్ద ఓడ గానీ, టగ్గు లాక్కెళ్లే బార్జి గానీ దగ్గరగా ఉంటే బేరింగ్ బాగానే మారుతున్నా ప్రమాదం పోనట్టే. మనం చూసిన బేరింగ్ దాని బ్రిడ్జిది కావచ్చు, తగిలేది దాని ముక్కు కావచ్చు.

రాడార్‌లో ఓడల కదలికను లెక్కగట్టే ఆర్పా ఈ లెక్కే వేసి ఎంత దగ్గరగా వస్తుందో, ఎప్పుడొస్తుందో సీపీఏ, టీసీపీఏలుగా చూపిస్తుంది. స్క్రీన్ మీద ఆ ఓడకు గుర్తు పెట్టాక మూడు నిమిషాలు ఆగితే గానీ ఆ అంకెలు కుదురుకోవు. రెండింట్లో ఏ ఓడ మలుపు తిరిగినా మళ్లీ ఆగాలి. ఢీకొనే ప్రమాదం చూసేటప్పుడు రాడార్‌కు నీటి మీది వేగం (చుట్టూ ఉన్న నీటితో పోలిస్తే ఓడ వేగం) ఇవ్వాలి, నేల మీది వేగం (సముద్రపు అడుగుతో పోలిస్తే) ఇస్తే ప్రవాహం ఉన్నచోట ఎదుటి ఓడ ముక్కు ఎటుందో తప్పుగా తోస్తుంది. ఓడలు తమ వివరాలను రేడియోలో వాటంతట అవే పంపే ఏఐఎస్ చూపే కోర్సు, వేగం నేల మీదివే. పైగా మన తీరంలో చేపల పడవలు చాలావాటికి ఏఐఎస్ ఉండదు, చెక్క పడవ రాడార్‌లో సరిగ్గా పడదు. స్క్రీన్ ఖాళీగా ఉందని కిటికీలోంచి చూడ్డం మానెయ్యకూడదు.

తప్పుకోవాల్సింది ఎవరు, ఎంత

రెండు ఇంజిన్ ఓడలు అడ్డంగా దాటుతుంటే, ఎవరికి కుడివైపున రెండోది ఉందో వాళ్లు తప్పుకోవాలి. రాత్రయితే ఇంకా తేలిక. మన కుడిపక్క నుంచి అడ్డంగా వచ్చే ఓడ మనకు తన ఎడమ దీపం, అంటే ఎర్ర దీపం చూపిస్తుంది. సిగ్నల్ దగ్గరలాగే ఎర్రది కనిపిస్తే దారి మనం ఇవ్వాలి. వెనక నుంచి దాటే ఓడ మాత్రం ఏ పక్క నుంచి వచ్చినా తానే తప్పుకోవాలి. ముందున్న ఓడ పక్కకు నేరు గీతకన్నా 22.5 డిగ్రీలకు మించి వెనక నుంచి వస్తుంటే దాన్ని దాటే ఓడగానే లెక్కేస్తారు.

తప్పుకునేటప్పుడు జరిగే పెద్ద తప్పు, ఐదేసి డిగ్రీలు తిప్పుతూ పోవడం. ఎదుటివాడి రాడార్‌కు అది అందదు. పై ఉదాహరణలో 000 నుంచి ఒక్కసారే 055కు తిప్పాలి. అప్పుడు మన ముక్కు ఆ ఓడ వెనక భాగం వైపు చూస్తుంది, వాళ్లకు ఇప్పటిదాకా కనిపించిన మన కుడిపక్క పచ్చదీపం మరుగై ఎడమపక్క ఎర్రది కనిపిస్తుంది. అవతలి ఆఫీసర్ ‘ఆ, తిరిగాడు’ అనుకునేది ఆ రంగు మారినప్పుడే. బేరింగ్ విడిపోయి, ఓడ పూర్తిగా దాటిందని చూశాకే పాత కోర్సుకు రావాలి.

1956 జులైలో అమెరికా తీరంలో ఆండ్రియా డోరియా, స్టాక్‌హోమ్ అనే రెండు ప్రయాణికుల ఓడలు గుద్దుకుని 51 మంది పోయారు. రెండింటికీ రాడార్ ఉంది. ఒకటి ఎడమకు కొద్దిగా తిరిగింది, రెండోది కుడికి తిరిగింది.

వేగం తగ్గించడం కూడా తప్పుకోవడమే. ఎందుకో చాలామంది టెలిగ్రాఫ్, అంటే బ్రిడ్జి మీద ఇంజిన్ వేగం మార్చే పిడి, ముట్టడానికి జంకుతారు. రద్దీ చోట్లకు రాకముందే ఇంజిన్ రూముకు చెప్పి ఇంజిన్‌ను స్టాండ్‌బైలో, అంటే వెంటనే వేగం మార్చేందుకు సిద్ధంగా, పెట్టించాలి. పూర్తి వేగంలో ఉండి ఇంజిన్ పూర్తిగా వెనక్కి తిప్పితే, ఓడ తన పొడవుకు 15 రెట్ల లోపు ఆగాలని అంతర్జాతీయ ప్రమాణం. 300 మీటర్ల ఓడకు అది నాలుగున్నర కిలోమీటర్లు. నల్లగొండ గడియారం సెంటర్‌లో బ్రేకు తొక్కితే ఇంచుమించు పానగల్లు దాకా పోయి ఆగినట్టు.

దారి ఇవ్వక్కర్లేని ఓడ కోర్సు, వేగం మార్చకుండా ఉండాలి. ఎదుటివాడు కదలట్లేదని తేలితే ఐదు విజిళ్లు కొట్టి తానూ తప్పుకోవచ్చు, కానీ అప్పుడు తన ఎడమపక్క ఉన్న ఓడ కోసం ఎడమకు తిరగకూడదు. వాడు ఆలస్యంగా కుడికి తిరిగితే నేరుగా మీదకొస్తాడు.

లేన్లు, పొగమంచు

డోవర్ జలసంధిలో 1967లో మొదలైన లేన్ల పద్ధతి ఇప్పుడు సింగపూర్ లాంటి ఇరుకు దారుల్లోనూ ఉంది. లేన్‌లో అది చూపే దిక్కుకే పోవాలి. చేరడం, విడిపోవడం చివర్లలోనే; పక్క నుంచి అయితే చిన్న కోణంలో. అడ్డంగా దాటాల్సి వస్తే ఓడ ముక్కు లేన్‌కు నిట్టనిలువుగా ఉండాలి. ప్రవాహం పక్కకు నెట్టేస్తోందని ముక్కు తిప్పి సరిచేయకూడదు, వాలుగా చూస్తే మిగతావాళ్లకు మన ఉద్దేశం అర్థం కాదు. లేన్‌లో ఉన్నాం కాబట్టి హక్కు మనదే అనుకోవడం మాత్రం పచ్చి పొరపాటు. కుడివైపు నుంచి అడ్డంగా వచ్చేవాడికి లేన్‌లో ఉన్నా దారి ఇవ్వాల్సిందే.

పొగమంచులో ఒకరికొకరు కనిపించనప్పుడు ఎవరికీ ముందు పోయే హక్కు లేదు, ఇద్దరూ తప్పుకోవాలి. ముందున్న ఓడ కోసం ఎడమకు తిరగొద్దు, అది మనం దాటుతున్న ఓడయితే తప్ప. పక్కన, వెనక ఉన్నదాని వైపు తిరగొద్దు. నడుస్తున్న ఓడ రెండు నిమిషాలకు మించకుండా ఒక పొడుగు విజిల్, నాలుగు నుంచి ఆరు సెకన్లు కొడుతూ ఉండాలి.

వీహెచ్ఎఫ్ రేడియోలో ఎదుటి ఓడను పిలిచి ‘నువ్వటు, నేనిటు’ అని మాట్లాడుకోవడం తేలిగ్గా అనిపిస్తుంది. జవాబిచ్చింది వేరే ఓడ కావచ్చు. ఆ మాటల్లో మూడు నిమిషాలు పోతాయి, ఒప్పుకున్నది నిబంధనకు ఎదురైతే మూడో ఓడ ఇరుక్కుంటుంది. ఏమాత్రం సందేహం వచ్చినా రేడియో కన్నా ముందు కెప్టెన్‌ను పిలవాలి.

వాచ్, అంటే బ్రిడ్జి మీద డ్యూటీ, మారేటప్పుడు తప్పుకునే పని సగంలో ఉంటే అది పూర్తయ్యాకే అప్పగించాలి. రాత్రి వాచ్‌కు వచ్చినవాడు కళ్లు చీకటికి అలవాటు పడేదాకా పక్కన నిలబడి ఉండాలి.