ఫిట్ బాగానే ఉంది, తేడా అంతా తోక దగ్గరే

మెషిన్లు ఆగిపోయిన గంటల డేటాకి డిస్ట్రిబ్యూషన్ (ఏ విలువ ఎంత తరచుగా వస్తుందో చెప్పే గణిత నమూనా) ఫిట్ చేస్తే, సాఫ్ట్‌వేర్ గామా అనే నమూనాని మొదటి ర్యాంకులో పెట్టింది. సిమ్యులేషన్‌లో 99వ పర్సంటైల్ (నూటికి 99 విలువలు దీనికి లోపే ఉంటాయి) మాత్రం రికార్డుల్లో ఉన్న పెద్ద బ్రేక్‌డౌన్ల కన్నా బాగా తక్కువ వస్తోంది. అసలు డేటాని ఫిట్‌తో పోల్చి చూపే క్యూ-క్యూ ప్లాట్ తెరవగానే విషయం తెలిసిపోయింది: మధ్యలో చుక్కలన్నీ గీత మీదే ఉన్నాయి, కుడి చివరవి (అదే తోక, అంటే అరుదుగా వచ్చే పెద్ద విలువలు) మాత్రం గీత వదిలేసి పైకి లేచాయి.

ర్యాంకింగ్, ఫిట్ డేటాకి ఎంత సరిపోయిందో చూసే కోల్మొగొరోవ్-స్మిర్నోవ్ పరీక్షతో జరిగింది. అది చివర్లలో తేడాని పెద్దగా పట్టించుకోదు. రిస్క్ లెక్కకి కావలసిందేమో ఆ చివరే! తోకలకి ఎక్కువ బరువిచ్చే ఆండర్సన్-డార్లింగ్ పరీక్షకి మార్చాను. లాగ్‌నార్మల్ అనే డిస్ట్రిబ్యూషన్ పైకొచ్చింది, 99వ పర్సంటైల్ కూడా పాత రికార్డులకి దగ్గరైంది. లొకేషన్ పారామీటర్‌ని (డిస్ట్రిబ్యూషన్ ఎక్కడ మొదలవుతుందో చెప్పే సంఖ్య) కూడా సున్నా దగ్గర కట్టేశాను; సైపై (SciPy) అనే పైథాన్ లైబ్రరీలో అయితే floc=0 అని ఇవ్వాలి. వదిలేస్తే అది మైనస్‌లోకి జారి, నెగటివ్ గంటలు కూడా సాధ్యమే అన్నట్టు లెక్క తేలుస్తుంది.

ఇంకో మాట. పారామీటర్లు అదే డేటా నుంచి తీసినప్పుడు, కోల్మొగొరోవ్-స్మిర్నోవ్ మామూలు పట్టికలిచ్చే పీ-వేల్యూని (ఫిట్ సరైనదే అయితే కనీసం ఇంత తేడా యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) దయచేసి నమ్మకండి, ఉండాల్సినదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. నేనైతే పారామెట్రిక్ బూట్‌స్ట్రాప్‌తోనే (ఫిట్ చేసిన నమూనా నుంచి కృత్రిమ డేటా పదేపదే తీసి, ప్రతిసారీ మళ్ళీ ఫిట్ చేసి పోల్చడం) తీస్తున్నాను. కాస్త టైమ్ పడుతుంది, అంతే.