ఉరుము వినబడ్డాక పొలంలో ఏం చేయాలి

మన దగ్గర పిడుగుల కాలం నైరుతి వానల కంటే ముందే మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దంతా నేల కాగుతుంది, బంగాళాఖాతం వైపు నుంచి తేమగాలి వస్తుంది, మధ్యాహ్నం తిరిగాక మబ్బు నిట్టనిలువునా లేస్తుంది. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. కల్లాల్లో మిర్చి ఎండేది, రబీ వరి కోతలు సాగేది, మామిడికాయలు రాలేది కూడా అదే కాలం. అందుకే పిడుగు ఎక్కువగా రైతులను, కూలీలను, గొర్రెల కాపరులను తీసుకుపోతుంది.

ఆ మబ్బు పేరు క్యుములోనింబస్. అడుగు నల్లగా ఉంటుంది, తల 12 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తుకు పోతుంది. లోపల గాలి పైకి తన్నుతుంటే మంచు పలుకులు, చిన్న చిన్న వడగళ్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. తేలికపాటి పలుకులు ధనావేశంతో పైకి పోతాయి, బరువైనవి రుణావేశంతో కింద మిగులుతాయి. ఆ తేడా గాలి తట్టుకోలేనంత పెరిగినప్పుడు మబ్బులోంచి ఒక కరెంటు పాయ సుమారు 50 మీటర్ల అంగలతో కిందికి దిగుతుంది. నేల మీద ఎత్తుగా ఉన్న చెట్టు, స్తంభం, మనిషి నుంచి చిన్న పాయలు పైకి లేస్తాయి. వాటిలో ఏది ముందు కలిస్తే అక్కడ పిడుగు పడుతుంది. సుమారు 30,000 ఆంపియర్ల కరెంటు ఆ దారిన పారుతుంది, గాలి 30,000 డిగ్రీల దాకా వేడెక్కి ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. ఉరుము ఆ చప్పుడే. మెరుపు కనబడకపోయినా ఉరుము వినబడిందంటే ఎక్కడో మెరిసినట్టే.

చాలామంది వాన కోసం చూస్తారు. చినుకు పడ్డాక వెళ్దాంలే అనుకుంటారు. వాన పడే చోటికి 10, 15 కిలోమీటర్ల అవతల కూడా పిడుగు పడగలదు, ఉరుము వినబడేదీ దాదాపు అంత దూరమే. కాబట్టి ఉరుము చెవిన పడిందంటే మీరు అప్పటికే దాని అందుబాటులో ఉన్నారు. శబ్దం కిలోమీటరు దాటడానికి మూడు సెకన్లు పడుతుంది. మెరుపు చూడగానే ‘అర్జునా, ఫల్గుణా’ మొదలుపెట్టి, పేరుకో సెకను చొప్పున పది పేర్లు పూర్తయ్యేసరికి ఉరుము వినబడితే పిడుగు మూడు కిలోమీటర్ల దూరంలో పడినట్టు. అయితే ఈ లెక్క నడుస్తూ వేసుకోవాలి, నిలబడి కాదు. తర్వాతి పిడుగు ఇంకో మూడు కిలోమీటర్లు ఇటు పడొచ్చు.

పొలానికి బయల్దేరే ముందు

పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) రూపొందించిన ‘దామిని’ యాప్ మీ చుట్టూ 20, 40 కిలోమీటర్ల వలయాల్లో గత కొద్ది నిమిషాల్లో పడిన పిడుగులను చూపిస్తుంది. వాతావరణ శాఖ మూడు గంటల ముందస్తు హెచ్చరికలు ఇస్తుంది. మబ్బు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే 20 కిలోమీటర్లు అరగంటలో దాటేస్తుంది. మీరు పనిచేసే మడి నుంచి పక్కా ఇంటికి నడక 20 నిమిషాలైతే, పనిముట్లు సర్దుకోవడానికి పది నిమిషాలు కలుపుకుంటే, పిడుగులు 20 కిలోమీటర్ల వలయంలోకి రాకముందే కదలాలి. కూలీలు ఎంతమంది ఉన్నా ఆపమని చెప్పే మనిషి ఒకరే ఉండాలి. లేకపోతే ‘ఈ సాలు అయిపోనీ’ అంటూ అందరూ ఉండిపోతారు.

కల్లంలో ధాన్యం, మిర్చి మీద పట్టాలు కప్పే పని మబ్బు దూరంగా ఉన్నప్పుడే ముగించాలి. ఉరుముతుండగా బహిరంగ కల్లంలో పట్టా లాగడం చాలా ప్రమాదం: చుట్టూ ఖాళీ, మనిషే ఎత్తు. గాలివానకు రాలిన మామిడికాయల కోసం చెట్ల కిందికి పరిగెత్తే పిల్లలనూ ఆపాలి.

ఎక్కడికి వెళ్లాలి

డాబా ఇల్లు, బడి, పంచాయతీ కార్యాలయం లాంటి నాలుగు గోడల పక్కా కట్టడం. అది దొరక్కపోతే పైకప్పు ఇనుముతో ఉన్న కారు, ఆర్టీసీ బస్సు. అద్దాలు ఎత్తేసి లోపలి ఇనుమును ముట్టుకోకుండా కూర్చోవాలి. కరెంటు బండి పైతొడుగు మీదుగా నేలకు పోతుంది, మనల్ని కాపాడేది ఆ ఇనుమే కానీ రబ్బరు టైర్లు కాదు. కాళ్లకు వేసుకున్న రబ్బరు చెప్పులూ అంతే, మబ్బు నుంచి కిలోమీటర్లు దూకి వచ్చినదానికి అర అంగుళం రబ్బరు అడ్డం కాదు. ఆటో, బైకు, కప్పు లేని ట్రాక్టరు, కాపలా మంచె, గడ్డి పాక, పక్కలు తెరిచి ఉన్న రేకుల షెడ్డు, బస్ షెల్టరు పనికిరావు.

చెట్టు, నేల

చెట్టు కింద రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది, చెట్టు మీద పడిన పిడుగు కాండం వదిలి పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది. చెట్టు కన్నా మనిషి ఒళ్లు కరెంటుకు సులువైన దారి. రెండోది ఎవరికీ కనబడదు. నేలలో దిగిన కరెంటు చుట్టూ పరుచుకుంటుంది, దూరం పెరిగేకొద్దీ వోల్టేజి తగ్గుతుంది. ఒక పాదం దగ్గర ఒకటి, ఇంకో పాదం దగ్గర ఇంకొకటి ఉంటే ఆ తేడా కాళ్ల గుండా పారుతుంది. పిడుగు బాధితుల్లో ఎక్కువ మందికి తగిలేది ఇదే.

లెక్క చూడండి. నేల నిరోధకత 100 ఓం-మీటర్లు, పిడుగు 30,000 ఆంపియర్లు అనుకుందాం. పిడుగు పడిన చోటికి 10 మీటర్ల దూరంలో అర మీటరు ఎడంగా అడుగేసి ఉన్న మనిషి రెండు పాదాల మధ్య సుమారు 2,270 వోల్టులు వస్తాయి. పాదాలు 10 సెంటీమీటర్ల ఎడంలో ఉంటే 470. అదే చోట ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ ఒకటిన్నర మీటరు ఎడమున్న ఆవుకు 6,200 పైనే. చెట్టు కింద ఒకే పిడుగుకు మంద మంద గొర్రెలు పడిపోవడం ఇందువల్లే. మనిషి 30 మీటర్ల దూరం జరిగితే అర మీటరు అడుగుకు 260కి తగ్గుతుంది. నిజం పిడుగులు ఈ అంకెలను పాటించవు, కానీ దూరం, పాదాల ఎడం ఎంత తేడా తెస్తాయో తెలుస్తుంది.

కాబట్టి దారిలో చిక్కుకుంటే ఒంటరి చెట్టుకు కనీసం దాని ఎత్తుకు రెండింతల దూరంలో ఉండండి. గట్టు మీద, గుట్ట మీద నడవకండి. నీళ్లు పెట్టిన మడి నుంచి, చెరువు నుంచి బయటికి రండి. ముళ్లకంచె, కరెంటు స్తంభం, బోరు పైపు ముట్టుకోవద్దు: ఇనుప తీగ ఎక్కడో పడిన పిడుగును మీ చేతిదాకా తెస్తుంది. గుంపుగా ఉంటే మనిషికీ మనిషికీ 15 మీటర్లు వదిలి నడవండి, ఒకరికి తగిలితే మిగతావాళ్లు సాయం చేయగలరు. పార, గొడుగు వదిలేయండి. మోటారు ఆపాలని స్టార్టర్ పెట్టె దగ్గరికి పోవద్దు. సెల్‌ఫోన్ పిడుగును లాగదు, ఛార్జరుకు తగిలించి మాట్లాడితేనే ప్రమాదం.

ఆశ్రయం అందేంత దూరంలో ఉంటే కూర్చోవడం కన్నా నడుస్తూ పోవడమే మేలు. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నా, ఇనుము జుయ్యిమన్నా సమయం లేదని అర్థం: పాదాలు దగ్గరగా చేర్చి, చేతులు నేలకు ఆనకుండా, తల వంచి గొంతుక్కూర్చోండి. పడుకోకూడదు. ఇది కాస్త నయమైన పద్ధతే తప్ప రక్షణ కాదు.

ఇంట్లో ఉన్నవాళ్లు టీవీ, రౌటరు ప్లగ్గులు, డిష్ కేబులు మబ్బు రాకముందే పీకేయాలి, ఉరుముతుండగా కాదు. స్నానం, అంట్లు తోమడం వాయిదా వేసుకోవాలి. డాబా మీద పిడుగు నిరోధక కడ్డీ ఒక్కటే ఉంటే టీవీని కాపాడదు. పిడుగు పోటు కరెంటు తీగల మీదుగా కూడా వస్తుంది, దానికి మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టరు వేరే ఉండాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచాకే బయటికి రావాలి. తెగిపడిన తీగ కనబడితే దగ్గరికి పోకుండా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు చెప్పాలి.

ఎవరికైనా తగిలితే

బాధితుడి ఒంట్లో కరెంటు మిగిలి ఉండదు, వెంటనే ముట్టుకోవచ్చు. 108కి ఫోన్ చేయించండి. నలుగురు పడిపోతే ముందు మూలుగుతున్నవాళ్ల దగ్గరికి కాదు, కదలిక, ఊపిరి లేనివాళ్ల దగ్గరికి వెళ్లాలి. మూలుగుతున్నవాళ్లు బతికే ఉన్నారు. పిడుగుకు ఆగిన గుండె తరచూ దానంతట అదే కొట్టుకోవడం మొదలెడుతుంది, ఊపిరి మాత్రం ఇంకా చాలాసేపు రాదు. ఆ మధ్యలో గాలి అందక గుండె మళ్లీ ఆగుతుంది.

1. వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో అరచేతి కింది భాగం పెట్టి, రెండో చేయి దానిపై వేయండి.
2. 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా లేవనివ్వండి.
3. 30 నొక్కుళ్లకు రెండుసార్లు, ముక్కు మూసి గడ్డం పైకెత్తి నోట్లోకి గాలి ఊదండి.
4. అంబులెన్సు వచ్చేదాకా ఆపొద్దు. అలసిపోతే రెండు నిమిషాలకోసారి మనిషిని మార్చండి.

పేడలో, బురదలో మెడదాకా పాతిపెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఛాతీ నొక్కాల్సిన నిమిషాలు అందులో పోతాయి. స్పృహలో ఉన్నవాళ్ల కాళ్లు చచ్చుబడి, చల్లగా నీలంగా కనబడొచ్చు; చాలాసార్లు కొన్ని గంటల్లో తేరుకుంటాయి. పిలిస్తే పలకకపోతే కర్ణభేరి చిరిగి వినబడకపోవచ్చు, కళ్ల ముందుకొచ్చి సైగ చేయండి. లేచి నడుస్తున్నా ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించాలి.